బి.కాం.కు ముందు ఒక వేసవి

పదవ తరగతి పరీక్ష ముగిసిననాడే లెక్కలకు దూరమునుండి నమస్కరించి, ఇక ఈ జన్మమున వాటితో పని లేదని నిశ్చయించుకొని, ఇంటర్మీడియట్‌లో సీఈసీ గ్రూపును కోరుకొన్న బిడ్డలు భూపాలపల్లి జిల్లాలో ప్రతి సంవత్సరమును కనబడుదురు. కాటారము, మహాదేవపురము, మహాముత్తారము, చిట్యాల, మొగుళ్ళపల్లి, రేగొండ, ఘనపురము – ఏ మండలమునకు పోయి విచారించినను కథ ఒక్కటే. పౌరశాస్త్రము, అర్థశాస్త్రము, వాణిజ్యశాస్త్రము అను మూడింటిని రెండేండ్లు చదివి, డిగ్రీ ప్రవేశముల ఆన్‌లైను విధానమైన దోస్త్ ద్వారా బి.కాం.లో సీటు సంపాదించి, మొదటి వారము తరగతికి పోవునప్పటికి, తాము విడిచివచ్చితిమనుకొన్న అంకెలు తమకంటె ముందుగనే వచ్చి నల్లబల్లపై కూర్చున్నట్లు వారికి తెలియును. అప్పుడు పుట్టు భయమునకు ఆధారము మిక్కిలి స్వల్పమనియు, ఆ స్వల్పమును ఇంటరు పరీక్షలకును డిగ్రీ తరగతులకును నడుమనున్న ఒక్క వేసవిలో తీర్చుకొనవచ్చుననియు, తీర్చుకొనునట్లు చేయు బాధ్యత బిడ్డలకంటె పెద్దలపైననే హెచ్చుగా ఉన్నదనియు నేను గట్టిగా నమ్ముచున్నాను.

పెద్దలపైనని అనుటకు కారణమున్నది. సీఈసీ అనగానే ‘లెక్కలు రానోళ్ళ గ్రూపు’ అని తేలికగా అనివేయుట మన ఊళ్ళలో అలవాటైపోయినది. ఎంపీసీలో చేరిన అన్నతోడనో, బైపీసీలో చేరిన అక్కతోడనో పోల్చి, ‘వీనికి లెక్కలు ఎక్కయి, అందుకే దీంట్ల వేసినం’ అని చుట్టముల ఎదుట తండ్రి చెప్పిన ఒక్క వాక్యము పదునైదేండ్ల బిడ్డ మనస్సులో చిరకాలము నిలిచిపోవును. ఎనిమిదవ తరగతిలో ఉపాధ్యాయుడు లేకనో, తొమ్మిదవ తరగతిలో జ్వరముతో నెలదినములు బడికి పోకనో, ఒక అధ్యాయము తప్పినందున పై అధ్యాయములన్నియు అర్థము కాని బిడ్డను, పుట్టుకతోనే గణితబుద్ధి లేనివానిగా నిర్ణయించుట న్యాయము కాదు. వానికి తెలియనిది గణితము కాదు. గణితములోని కొన్ని మెట్లు మాత్రమే. ఆ మెట్లు ఏవియో గుర్తించినచో పని సగము తీరినట్లే.

బి.కాం.లో నిజముగా ఎంత గణితమున్నదో చూతము. భూపాలపల్లి ప్రాంతపు కళాశాలలకు ఆశ్రయమైన కాకతీయ విశ్వవిద్యాలయము 1976లో స్థాపితమైనది. అక్కడి బి.కాం. మొదటి సంవత్సరమున ప్రధానమైనది ఫైనాన్షియల్ అకౌంటింగు. చిట్టా వ్రాయుట, దానినుండి ఆవర్జాలో ఖాతాలు తెరచుట, నిలువలు తేల్చి అంకణా తీయుట, వర్తకపు ఖాతాను లాభనష్టముల ఖాతాను ముగించి ఆస్తి అప్పుల పట్టీని సిద్ధపరచుట – ఇది ఆ చదువు యొక్క వెన్నెముక. ఇందులకు కావలసిన గణితము కూడిక, తీసివేత, నూటికి ఇంత యను లెక్క. త్రికోణమితి లేదు, వృత్తములు, స్పర్శరేఖలు లేవు, పదవ తరగతిలో బిడ్డను ఏడిపించిన నిరూపణములలో ఒక్కటియు లేదు. పిమ్మట భాగస్వామ్యపు ఖాతాలలో భిన్నములు, నిష్పత్తులు వచ్చును. రెండవ సంవత్సరమున వ్యాపార గణాంకశాస్త్రము వచ్చును. దానిని గూర్చి ముందు చెప్పెదను. తరువాత వచ్చు వ్యయగణకము, ఆదాయపు పన్ను మొదలైనవానిలో నియమములు బహుళముగా ఉండును గాని లెక్కలో కొత్తదనము లేదు.

ఈ చదువునకు మూలమైన జంటపద్దు విధానమును మొట్టమొదట అచ్చులో విపులముగా వివరించినది ఒక గణితగ్రంథమన్న సంగతి ఇచ్చట స్మరణీయము. లూకా పాచియోలీ అను ఇటలీ దేశపు సన్న్యాసి 1494లో వెనిస్ నగరమున ప్రకటించిన బృహద్గ్రంథములో అంకగణితము, బీజగణితము, క్షేత్రగణితములతోపాటు ఒక భాగము వర్తకుల పద్దుల కొరకు కేటాయించెను. ఆ గ్రంథములోని మిగిలిన భాగములు రాని వర్తకుడు కూడ ఆ ఒక్క భాగమును చదివి తన ఖాతాలు తాను వ్రాసుకొనగలిగెను; ఆ విధానము దేశదేశములకు వ్యాపించినది.

మన తెలుగునాటను గణితము వ్యవహారమునకు తోడుగనే పెరిగినది. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహమును రమారమి పదకొండవ శతాబ్దమున పావులూరి మల్లన తెనుగు పద్యములలోనికి తెచ్చెను. కావ్యరచన ఇంకను బాల్యదశలో ఉన్న ఆ కాలముననే మన భాషకు ఒక లెక్కల పుస్తకము లభించుట చిన్న విషయము కాదు. మహావీరుని గ్రంథమున త్రైరాశికమునకు ఒక ప్రకరణము, వడ్డీ మొదలైన మిశ్రవ్యవహారములకు మరియొక ప్రకరణము కలవు. ఇన్ని రూపాయలకు ఇంత వచ్చినచో అన్ని రూపాయలకు ఎంత వచ్చునను ఆ త్రైరాశికమే నేటి బి.కాం. విద్యార్థికిని మొదటి ఆయుధము. నూటికి ఇంత యను లెక్కయు, నిష్పత్తియు, వడ్డీయు, తరుగుదలయు దాని రూపాంతరములే. త్రైరాశికము చేతికి పట్టువడిన బిడ్డకు డిగ్రీ మొదటి సంవత్సరపు గణితము ముక్కాలు భాగము వచ్చినట్లే లెక్క.

భూపాలపల్లిలో పుట్టిన బిడ్డకు ఈ త్రైరాశికము పరాయిది కాదు. ఎండలు ముదిరిన వెంటనే అడవి అంచు గ్రామములవారు తునికాకు సేకరణకు పోవుదురు. ఏబది ఆకులు ఒక కట్ట. వేయి కట్టలు ఒక స్టాండర్డు బ్యాగు. సాయంకాలము కల్లములో కట్టలు తీసికొను కల్లేదారు ఎదుట కట్టలు పేర్చి, కట్టకు ఇంత చొప్పున తమకు రావలసినది ఎంతయో చదువుకొన్న బిడ్డకంటె ముందుగా తల్లి చెప్పును. పత్తి జిన్నింగు మిల్లులో తేమ పేరిట తరుగు తీసినప్పుడు, వడ్ల కాంటా దగ్గర బస్తాకు ఇన్ని కిలోలని కోత పెట్టినప్పుడు, తండ్రి మనస్సులోనే నష్టమును లెక్కకట్టును. సింగరేణి కార్మికుని ఇంట జీతపు చీటీ వచ్చినప్పుడు మూలవేతనము, కరవు భత్యము, భవిష్యనిధి కోత అను పంక్తులను ఇంటిల్లిపాదియు చదువుదురు. సింగరేణి సంస్థ 2022–23లో గడించిన 2,222 కోట్ల రూపాయల లాభములో నూటికి 32 వంతులు కార్మికులకు పంచుదురని ప్రకటించిననాడు, ఆ వాటా 711 కోట్లని కేటీకే గనుల కాలనీలో పదవ తరగతి తప్పినవాడును చెప్పగలిగెను. ఇన్ని లెక్కల నడుమ పెరిగిన బిడ్డ తనకు లెక్కలు రావనుకొనుట విచారకరము.

అయినను ఇంటి లెక్కకును పుస్తకపు లెక్కకును మధ్య ఒక అగాధమున్న మాట నిజము. దానిని దాటించుటయే వేసవి పని. ఉదాహరణకు వడ్డీని చూడుడు. మన ఊళ్ళలో ‘రెండు రూపాయల వడ్డీ’ యన్నప్పుడు నూరు రూపాయలకు నెలకు రెండు రూపాయలని అర్థము. బ్యాంకువారు పంట ఋణము నూటికి ఏడు అన్నప్పుడు అది సంవత్సరమునకు. రెండు చిన్నది, ఏడు పెద్దది అని కంటికి తోచిన చోటనే ఎన్ని కుటుంబములో చితికిపోయినవి. రెండింటిని ఒకే కాలపరిమితికి తెచ్చినచో ఊరి వడ్డీ సంవత్సరమునకు 24, బ్యాంకు వడ్డీ 7. పదివేల రూపాయలను ఊరి వడ్డీకి మూడేండ్లు తెచ్చినచో, బారువడ్డీ ప్రకారము 7,200 రూపాయలగును. ఏటేట అసలులో వడ్డీని కలిపి చక్రవడ్డీ కట్టినచో 9,066 రూపాయలు దాటును. ఈ రెండు సంఖ్యలను కాగితముపై తానై సాధించిన బిడ్డ ఆ సాయంకాలము తండ్రి చేవ్రాలు చేసిన ప్రామిసరీ నోటును చదువగలిగినచో, వానికి ఆ అధ్యాయము మరల చెప్పవలసిన అవసరము రాదు.

వాణిజ్య విద్యార్థిని తికమక పెట్టునది ప్రధానముగా గుణకార భాగహారములు కావు; దేనిపైన నూటికి అను ప్రశ్న. ఎనుబది రూపాయలకు కొని నూరు రూపాయలకు అమ్మిన సరకుపై లాభము ఇరువది. కొన్నధరపై లెక్కించినచో నూటికి 25, అమ్మినధరపై లెక్కించినచో నూటికి 20. లాభము మారలేదు, సరకు మారలేదు, ఆధారము మారినది. కన్‌సైన్‌మెంటు ఖాతాలలోను, శాఖల ఖాతాలలోను, అగ్నిప్రమాద నష్టపు లెక్కలలోను విద్యార్థులు మార్కులు పోగొట్టుకొను తావు ఇదియే. ధర నూటికి ఇరువది పెరిగి, మరల నూటికి ఇరువది తగ్గినచో నూరు రూపాయల వస్తువు నూటికి రాదు, 96కే వచ్చును. కాలిక్యులేటరు భాగించి ఇచ్చును గాని దేనిచేత భాగింపవలెనో చెప్పదు. అందుచేత వేసవిలో పది దినములు ఈ ఒక్క విషయమునకే ఇచ్చినను కాలము వ్యర్థము కాదని నా మనవి.

తరుగుదలను గూర్చియు ఇట్లే. ఎనిమిది లక్షలకు కొన్న ట్రాక్టరుపై ఏటికి నూటికి 15 చొప్పున స్థిరవాయిదా పద్ధతిలో తీసివేసినచో ప్రతి సంవత్సరమును 1,20,000 తగ్గును. మూడేండ్లకు పుస్తకములలో నిలుచు విలువ 4,40,000. తగ్గుచున్న నిలువపై లెక్కించినచో మొదటి ఏడు 1,20,000, రెండవ ఏడు 1,02,000, మూడవ ఏడు 86,700 తగ్గి 4,91,300 నిలుచును. ఈ రెండింటిలో ఏది సరియనునది గణితము చెప్పు సంగతి కాదు. యంత్రము తొలి సంవత్సరములలో హెచ్చుగా అరుగునా, సమముగా అరుగునా యని ఆలోచించి నిర్ణయింపవలసిన వివేకము అది. ఆ వివేకమే వాణిజ్యశాస్త్రపు సారము. లెక్క దానికి పరిచారిక.

భాగస్వామ్యములో భిన్నములు వచ్చునంటిని. 3:2 నిష్పత్తిలో లాభము పంచుకొను ఇద్దరు భాగస్వాములు మూడవవానికి అయిదవ వంతు ఇచ్చి చేర్చుకొన్నచో, మిగిలిన నాలుగైదవ వంతులను పాత నిష్పత్తిలో పంచగా కొత్త నిష్పత్తి 12:8:5 అగును. ఏడవ తరగతి భిన్నములు తెలిసినవానికి ఇది రెండు నిముషముల పని. తెలియనివానికి రెండు వారముల దుఃఖము.

ఇక గణాంకశాస్త్రము. భయపడువారు అందరును దీనికే భయపడుదురు. సగటు, మధ్యగతము, బహుళకము, విస్తరణ, ప్రామాణిక విచలనము, సహసంబంధము ఒక సెమిస్టరులోను, ప్రతిగమనము, సూచీసంఖ్యలు, కాలశ్రేణులు, సంభావ్యత మరియొక సెమిస్టరులోను వచ్చును. వీనిలో మొదటి మూడును పదవ తరగతి పుస్తకమున చదివినవే. మధ్యగతము ఎందుకు అని అడిగిన బిడ్డకు ఒక వీథిని చూపుడు. ఆ వీథిలో అయిదు ఇండ్లున్నవనుకొందము. నాలుగు ఇండ్లలో కాంట్రాక్టు కార్మికులు నెలకు 15,000 తెచ్చుచున్నారు; అయిదవ ఇంట పర్మనెంటు ఉద్యోగి 90,000 తెచ్చుచున్నాడు. సగటు 30,000, ఆ వీథిలో ముప్పదివేలు తెచ్చు ఇల్లు ఒక్కటియు లేదు. మధ్యగతము 15,000, అది నిజమునకు దగ్గర. ప్రామాణిక విచలనమునకు వర్గము, వర్గమూలము కావలెను. సహసంబంధ గుణకమునకు ఋణసంఖ్యలతో గుణకారము తప్పులేకుండ రావలెను. సూత్రములు చూపునకు భయంకరములుగా ఉండును గాని పట్టిక గీసి గడి తరువాత గడి నింపినచో అవి కూడికలుగా విడిపోవును. ఈ శాస్త్రమున ప్రపంచము తల యెత్తి చూచిన సి.ఆర్. రావు తెలుగు కుటుంబమున పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తాకు పోయి గణాంకశాస్త్రమున అద్వితీయుడై, తన నూటమూడవ ఏట 2023లో స్వర్గస్థుడైనాడు. మన బిడ్డలకు ఆయన పేరును గణాంకశాస్త్రపు మొదటి తరగతిలోనే చెప్పవలెనని నా కోరిక.

2016 అక్టోబరు 11న ఏర్పడిన ఈ జయశంకర్ భూపాలపల్లి జిల్లా పేరులోనే ఒక అర్థశాస్త్రాచార్యుడున్నాడు. కొత్తపల్లి జయశంకర్ 1934 ఆగస్టు 6న వరంగల్లు సమీపమునందలి అక్కంపేటలో జన్మించి, అర్థశాస్త్రమున డాక్టరేటు పొంది, వరంగల్లు సీకేఎం కళాశాలకు ప్రిన్సిపాలుగను కాకతీయ విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగను పనిచేసెను. ఆయన జీవితమంతయు ధారపోసిన తెలంగాణ వాదములో ఆవేశమెంత ఉన్నదో అంకెలంత ఉన్నవి. 1956 ఫిబ్రవరి 20న జరిగిన పెద్దమనుషుల ఒప్పందమున మంత్రివర్గపు వాటా 60కి 40 అని వ్రాసుకొనిరి. తెలంగాణ ఆదాయములో మిగిలినది తెలంగాణకే ఖర్చు చేయవలెనని వ్రాసుకొనిరి. అది నిష్పత్తి, ఇది మిగులు. ఆ మిగులు ఎంతయో తేల్చుటకు 1969లో మొదట లలిత్ సంఘమును, పిమ్మట భార్గవ సంఘమును నియమింపగా రెండింటి మొత్తములు ఏకీభవింపలేదు. ఇరువురికిని కూడిక వచ్చును. ఖాతాలు ఒక్క ప్రభుత్వమువే. ఏ ఖర్చును ఏ ప్రాంతము పద్దున వ్రాయవలెనను నిర్ణయమునందే భేదము. ఒక రాష్ట్రపు రాజకీయము పద్దును ఎచ్చట వ్రాయవలెనను ప్రశ్నచుట్టు తిరిగినదన్నచో, ఆ ప్రశ్నను మూడేండ్లు నేర్పు చదువును ‘లెక్కలు రానోళ్ళ’ చదువని ఎట్లనగలము?

పుస్తకములు కొనవలసిన పని లేదు. ఇంటిలో తమ్మునిదో చెల్లెలిదో ఎనిమిదవ తరగతి గణితపుస్తకము ఉండును. లేనిచో ఊరి పాఠశాలలో దొరకును. దానిలో అనుపాతముతో రాశులను పోల్చు అధ్యాయమున శాతములు, తగ్గింపు, పన్ను, చక్రవడ్డీ అన్నియు ఉన్నవి. అచ్చట తట్టుకొన్నచో సిగ్గుపడక ఏడవ తరగతి పుస్తకమునకు దిగవలెను. డిగ్రీకి పోవు బిడ్డ ఏడవ తరగతి పుస్తకము పట్టుకొన్నాడని నవ్వువారిని ఇంటిపెద్దలు వారింపవలెను. ఇరువది వరకు ఎక్కములు నోటికి, భిన్నము దశాంశము శాతము అను మూడు వేషములలో ఒకే సంఖ్యను గుర్తించుట, ఋణచిహ్నము కుండలీకరణములోనికి పోయినప్పుడు ఏమగునో తెలియుట, ఒక తెలియని రాశిగల సమీకరణము – ఇంతకు మించి మేనెలలో ఏదియు వద్దు. ఉదయము ఎండ ముదరకముందు ఒక గంట చాలును, కాని ప్రతిదినము. జూను నెలలో పదవ తరగతి సాంఖ్యకశాస్త్రపు అధ్యాయము చేసికొన్నచో రెండవ సంవత్సరపు భయము మొదటి సంవత్సరమునకు ముందే పోవును. తెలుగు మాధ్యమమునుండి పోవు బిడ్డకు మరియొక చిక్కు కలదు: లెక్క తప్పుట కంటె ప్రశ్న అర్థము కాక తప్పుట హెచ్చు. ఇంటరులో చదివిన తెలుగు అకాడమీ వాణిజ్యశాస్త్ర పుస్తకమును పారవేయక ఆంగ్ల పుస్తకము ప్రక్కన పెట్టుకొని చదివినచో ఈ చిక్కు ఒక సెమిస్టరులో విడిపోవును.

చార్టర్డ్ అకౌంటెంటు కావలెనను కోరిక గల బిడ్డకు నిజము దాచక చెప్పవలెను. ఆ మార్గపు ఫౌండేషను పరీక్షలో నూరు మార్కుల పత్రమొకటి వ్యాపారగణితము, తర్కము, గణాంకములకే కేటాయింపబడినది. తప్పు జవాబుకు మార్కులు కోయుదురు. ఎంపీసీ, ఎంఈసీ బిడ్డలతో సమానముగా దానిని వ్రాయుట కష్టమే. కాని మరియొక ద్వారమున్నది: బి.కాం.లో నూటికి 55 మార్కులు తెచ్చుకొన్నవారు ఫౌండేషను వ్రాయకయే ఇంటర్మీడియట్ దశలో ప్రవేశింపవచ్చును. ఈ సంగతి తెలియక, ఇంటరు అయిన వెంటనే ఒకసారి ఫౌండేషను వ్రాసి తప్పి, ఆ కలనే విడిచిన బిడ్డలను తలచినచో మనస్సు కలుక్కుమనును. గనులు, విద్యుత్కేంద్రము ఉన్న జిల్లాలో వ్యయగణకుల చదువునకు కూడ గౌరవస్థానము ఉండవలెను.

విద్యాశాఖవారికి ఒక విన్నపము. సీబీఎస్ఈ 2020–21 నుండి పదకొండవ తరగతిలో అనువర్తిత గణితమను విషయమును వాణిజ్య, సామాజిక శాస్త్రముల బిడ్డల కొరకే ప్రవేశపెట్టినది. మన సీఈసీ బిడ్డ మాత్రము సరిగ్గా మరచిపోవుటకు చాలునంత కాలము, రెండేండ్లు, గణితమునకు దూరముగా ఉండి వచ్చుచున్నాడు. వారమునకు మూడు గంటల వ్యవహారగణితమును సీఈసీలో చేర్చుటకు పెద్ద వ్యయము కాదు. అంతవరకు డిగ్రీ కళాశాలలైనను మొదటి పదునైదు దినములు పాఠము ఆరంభింపక శాతములు, నిష్పత్తులు చెప్పించినచో, పరకాల మీదుగా హనుమకొండకు ప్రతిదినము బస్సులో పోయి వచ్చు ఆడబిడ్డ మొదటి సెమిస్టరు తప్పి ఇంట నిలిచిపోవు దుర్గతి కొంత తగ్గును.

తరగతులు మొదలైన కొలది వారములకు ప్రతి బిడ్డకును ఒక దినము వచ్చును: అంకణా కుదరదు. డెబిటు ఒక మొత్తము, క్రెడిటు మరియొక మొత్తము. అప్పుడు పుస్తకము మూయరాదు. తేడాను మొదట రెండుతో భాగించి, వచ్చిన మొత్తము ఎచ్చటనైన ఉండవలసిన వైపు గాక ఎదుటి వైపున పడినదేమో వెదకవలెను. దొరకనిచో తేడాను తొమ్మిదితో భాగించి చూడవలెను. శేషము లేనిచో రెండు అంకెలు తారుమారైనవేమో అనుమానింపవలెను. 4,760 వ్రాయవలసిన చోట 4,670 వ్రాసినచో తేడా 90; అది తొమ్మిదితో శేషము లేక భాగింపబడును. ఎందుకనగా పదుల స్థానమున ‘అ’, ఒకట్ల స్థానమున ‘ఆ’ ఉన్న సంఖ్య పది అ, ఒక ఆ; తారుమారైనచో పది ఆ, ఒక అ; ఒకదానినుండి ఒకటి తీసివేయగా తొమ్మిది అ, తొమ్మిది ఆల తేడాయే మిగులును. అంకెలు ఏవైనను, అవి పదుల బదులు వందల స్థానముననున్నను, తొమ్మిది విడువదు. ఎనిమిదవ తరగతి పుస్తకమున సంఖ్యలతో ఆడుకొను పాఠములో ఈ సంగతి ఉన్నది. పరీక్షలో రాదని ఉపాధ్యాయులు దానిని దాటవేయుచుందురు. ఈ వేసవి దానిని చదివించుడు.